గవరమ్మ పిల్లకు దిష్టి

ఊరి చివర పశువుల పాకలో మేక గవరమ్మకు ఒక్కగానొక్క పిల్ల. పాలు మానిన దగ్గర్నుంచీ అది చిక్కిపోతోంది. పొట్ట చూస్తే బూర, కాళ్లు చూస్తే చీపురుపుల్లలు. లేచి నిలబడితే చాలు, తూలి పడుతుంది.

"దిష్టి, చెల్లెమ్మా! పెద్ద దిష్టి!" అన్నాడు పాక మీది కోతి బైరాగయ్య. ఆయనకు వైద్యం రాదు గానీ, సలహా చెప్పడానికి మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

"ఏం చేయమంటావన్నా?"

"ఏముంది! నోటినిండా వేరుశెనగకాయలు కరుచుకుని బిడ్డ చుట్టూ తిరుగు. మూడుదారుల కూడలిలో పెట్టేసి వచ్చెయ్. వెనక్కి మాత్రం చూడకు. చూశావో, దిష్టి నీ వెంటే ఇంటికొస్తుంది."

వేరుశెనగ పీకేసిన చేలో గవరమ్మ ఏరుకొచ్చిన కాయలన్నీ అలాగే కూడలికి పోయాయి. పిల్లకు మిగిలింది ఎండుగడ్డి. పిల్ల ఇంకాస్త చిక్కింది. ఇంకాస్త దిష్టి తీయమన్నాడు కోతి. ఇంత తతంగంలో ఎవరికీ ఒళ్లు రాలేదని మాత్రం అనకండి. బైరాగయ్య బుగ్గలు బాగానే నిండాయి.

చివరికి పిల్ల లేవడమే మానేసింది.

గేదె నూకాలమ్మ నెమరు ఆపింది. ఆవిడ నెమరు ఆపిందంటే సంగతి పెద్దదన్నమాట.

"ఒసే గవరా, ఇక కూడలిలో ఏమీ పెట్టకే," అంది, పాక మీదికి వినపడేలా. "ఆ దిష్టి కాయలు తిన్నవాళ్లకు కాళ్లు పడిపోతాయి, తోక ఊడిపోతుంది. ఏ అమాయకుడి ఉసురో మనకెందుకు?"

పైనుంచి బైరాగయ్య దబ్బున దూకాడు. నోటిదగ్గర కూడు పోతుందని ఆయన కంగారు.

"అబద్ధం అత్తా! ఏ తోకా ఊడదు! రోజూ తింటున్నది నేనే కదా. ఎలా నిగనిగలాడుతున్నానో చూడు! గంతేస్తే పాక దాటేస్తా!"

అనేసి, నోరు మూసుకున్నాడు. ఏం లాభం?

"విన్నావుటే గవరా? ఆ కాయలు తింటే గంతులొస్తాయట. నీ పిల్ల నోట్లో ఒక్కటైనా వేశావా?"

గవరమ్మ "దిష్టి..." అనబోయింది. కోతి బుగ్గలు చూసి ఆగిపోయింది.

ఆ పూట తెచ్చిన కాయలు మెత్తగా నమిలి పిల్ల నోట్లో పెట్టింది. మొదట పిల్ల కక్కింది. తల్లి మళ్లీ పెట్టింది, కొంచెం కొంచెంగా, పూటపూటకూ. తొలకరి పడేసరికి పిల్ల లేచి, తల్లిని ఒక్క కుమ్ము కుమ్మింది.

బైరాగయ్య కూడలిలో కూర్చుని పొద్దస్తమానం ఎదురుచూశాడు. దొరికింది వేపకాయలే.

బిడ్డ చిక్కితే దిష్టి ఎవరిదని వెతికేముందు, తిండి ఎవరి నోట్లోకి పోతోందో చూడాలి.