వరసలో ఆమెన్

చర్చి వెనక పాస్టరుగారి కొట్టంలో కూడా ప్రతి ఆదివారం ఆరాధన జరిగేది. మనుషులు తమది ముగించి అన్నాలకు వెళ్ళాక జంతువులు తమది మొదలుపెట్టేవి. గోడ అవతలిది వినీ వినీ వాటికి పద్ధతంతా వచ్చేసింది. బర్నబా అనే ముసలి ఎద్దు సంఘపెద్ద. పొట్టేలు పాట ఎత్తుకుంటే మిగతావి అందుకునేవి. తర్వాత ఒక్కొక్కటే లేచి సాక్ష్యం చెప్పేది, మిగతావి వినేవి. ఈమధ్యే గుడ్లు పొదిగిన తబిత అనే కోడిపెట్ట ఒకే మాట చెప్పేది: "దేవుడి దయవల్ల నా పదకొండుమంది పిల్లలూ చల్లగా ఉన్నారు." అంత చిన్న మాటకూ అందరూ ఆమెన్ అనేవారు.

ఈ పద్ధతి గాడిదకు మాత్రం గిట్టేది కాదు. దాని వంతు ఎప్పుడూ ఆఖరే. "బైబిల్లో మా గాడిదల వంశపు ఒకావిడ నోరు విప్పి ప్రవక్తకే బుద్ధి చెప్పింది. నేను చివర్న మాట్లాడాలా?" అని సణిగేది.

ఒక ఆదివారం దడి సందులోంచి నక్క వచ్చింది.

"వందనాలండీ! ఊరూరా తిరిగి వాక్యం చెప్పుకునేవాణ్ణి" అంది. ఆరాధనంతా చూసి పెదవి విరిచింది. "ఒకరి తర్వాత ఒకరా? ఇది ఆరాధనా, రేషను షాపు క్యూనా? ఆత్మ దిగొస్తే వంతు చూసుకుంటుందా? అందరూ ఒక్కసారే ఎత్తుకోండి. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకోండి."

"అదీ మాటంటే!" అంది గాడిద.

"అందరూ ఒక్కసారే మాట్లాడితే వినేదెవరు బ్రదరూ?" అని ఎద్దు అడిగింది.

"పైవాడు వింటాడు పెద్దాయనా. మధ్యలో నీకెందుకు?"

అందరూ నవ్వారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు గానీ, ఆ రోజు ఒక్క గొర్రెనే అనడానికి లేదు.

కొట్టం కప్పు లేచిపోయేంత గోల మొదలైంది. తబితకు రెక్క కింద ఏదో లాగినట్టయింది. కళ్ళు తెరిచి చూస్తే నక్క నోట్లో తన పిల్ల.

"అయ్యో, నా బిడ్డ! నక్క నా బిడ్డను ఎత్తుకుపోతోంది!"

"తబితమ్మ మీదికి ఆత్మ దిగింది! హల్లెలూయ!" అని గాడిద ఇంకా గట్టిగా ఓండ్రపెట్టింది. తల్లి ఎంత మొత్తుకుంటే స్తోత్రాలు అంత పెరిగాయి. అందరూ కళ్ళు తెరిచేసరికి నక్క తన చోట బుద్ధిగా కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

తబిత జరిగింది చెప్పింది. "ప్రార్థనలో కళ్ళు తెరిచావా? తప్పు కదూ!" అంది గాడిద. "సాతాను శోధనమ్మా. కళ్ళు తెరిస్తే అలాంటివే కనిపిస్తాయి" అంది నక్క జాలిగా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నక్క అంతకన్నా తెలివైంది, ఇంటివాళ్ళ కళ్ళు మూయించి తింటుంది.

మరుసటి ఆదివారం ఇంకో పిల్ల పోయింది. తబిత ఎద్దు దగ్గరికి వెళ్ళింది.

"బర్నబన్నా, తొమ్మిదిమందే మిగిలారు. వాళ్ళూ పోతే నేను బతకలేను. నా మాట వినేవాళ్ళే లేరు."

"నేను విన్నాను తల్లీ. కానీ నేను నోరు విప్పితే పెత్తనం పోయిందని ఏడుస్తున్నాడంటారు. నక్క నోటితోనే చెప్పిద్దాం."

మూడో ఆదివారం ఎద్దు వినయంగా లేచింది. "బ్రదరూ, మీ పద్ధతే కానివ్వండి. ఒక్క మనవి. నా మెడగంట మోగినప్పుడు అందరూ ఆగి, వరసగా తలా ఒక ఆమెన్ చెప్పాలి. ఆఖరి ఆమెన్ మీది. దైవజనులు కదా."

"పెద్దాయనకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అని నక్క పొంగిపోయింది.

మళ్ళీ గోల మొదలైంది. తబిత కళ్ళు మూసుకోలేదు, ఎద్దూ మూసుకోలేదు. నక్క అన్నిటికన్నా చిన్నపిల్లను నోట కరిచీ కరవగానే గంట మోగింది. నక్క చటుక్కున చతికిలబడి మూతి బిగించింది.

"ఆమెన్" అంది పొట్టేలు. "ఆమెన్" అంది బాతు. గాడిద తన ఆమెన్‌ను సాగదీసి సాగదీసి వదిలింది. ఇక నక్క వంతు. అది తలూపింది.

"తలూపితే చెల్లదండీ, నోరారా చెప్పాలి" అంది గాడిద భక్తిగా.

నక్క ఊపిరి బిగబట్టింది. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. అందులో నక్క నోట్లోంచి సన్నగా వినిపించింది: "కియ్యి."

"బ్రదరుగారి లోపల ఇంకెవరో ఆమెన్ అంటున్నారే!" అంది బాతు.

"నా బిడ్డ!" అని తబిత అరిచింది. ఈసారి ఆ కేక అందరికీ వినపడింది. గాడిద బుర్రకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది గానీ, దాని వెనక కాళ్ళకు పట్టలేదు. ఒక్క తన్నుకు నక్క నోరు తెరుచుకుంది. పిల్ల తడిసి ముద్దై గడ్డిలో పడి, లేచి తల్లి రెక్క కిందికి పరిగెత్తింది. నక్క ఆమెన్ చెప్పకుండానే దడి దూకింది.

"ఆ రెండుసార్లూ నీ కేకకు హల్లెలూయ కొట్టింది నేనే తల్లీ" అని గాడిద తల వంచుకుంది. తబిత మిగిలిన తొమ్మిదిమందినీ రెక్కల కిందికి లాక్కుంది. పోయిన ఇద్దరూ తిరిగిరారు.

తర్వాతి ఆదివారం నుంచి పాత పద్ధతే వచ్చింది, ఒక్క మార్పుతో. మొదటి వంతు కోడిపిల్లలది. గాడిదను ముందుకు రమ్మంటే రానంది. "ఆఖర్న ఉంటే అందరివీ వినొచ్చు" అంది.

అందరూ ఒక్కసారే అరిచే కూడికలో కడుపు నిండేది నక్కకు ఒక్కదానికే.