ఇనప్పెట్టెలో రౌటర్

రాజులకు కూడా వైఫై ఉన్న రోజుల్లో, వెలిచర్ల రాజుగారు ఖరీదైన కొత్త రౌటర్ కొన్నారు. దొంగల భయంతో దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, వైర్ల కోసం పెట్టెకు చిల్లు పొడిపించి, తాళం వేశారు. అంతే, కోటలో నెట్ మాయం!

"నన్ను తప్పుపట్టినవాళ్లకు కొరడా దెబ్బలే!" అని రాజుగారు హుంకరించారు. మంత్రులు నెట్ లైను చూసే పైడితల్లికి కబురంపారు. ఆమె వచ్చి ఇనప్పెట్టెను చూసింది, గోడకున్న కొరడానూ చూసింది.

"తప్పెవరిదే?" అన్నారు రాజుగారు.

"తప్పు కాదు ప్రభూ, తమరి పెట్టె గొప్ప! ఇందులోకి దొంగ దూరలేడు, ఇందులోంచి నెట్ బయటపడలేకపోతోంది."

రాజుగారు మీసం దువ్వారు. "విన్నారా! పాపం, ఆ నెట్‌ని విడుదల చెయ్యండి."

రౌటర్ కిటికీలోకి రాగానే ఫోన్లన్నీ మోగాయి. కొరడా మాత్రం మేకుకే వేలాడింది.