మూడు వీధులు తిరిగిన పుంజు

కోళ్ల ఈరమ్మ దగ్గర గంప కింద మేపిన కోళ్లు చౌక, ఊరంతా తిరిగి మేసినవి ప్రియం. ఓనాడు కొత్వాలు భైరవయ్య వచ్చి, గోడెక్కి కూస్తున్న పుంజును చూపించి, "గంపకోడి ధరకే ఇవ్వవే! తిరిగినంత మాత్రాన ధర పెరుగుతుందా?" అని గదమాయించాడు.

"తిరిగిన కొద్దీ రుచి, రుచి కొద్దీ ధర దొరా. మీ ధరకే కావాలంటే మీరే పట్టుకోండి" అంది ఈరమ్మ.

కొత్వాలు పంచె ఎగ్గట్టాడు. పుంజు ఆయన్ని మూడు వీధులు పరిగెత్తించి, తిరిగొచ్చి ఈరమ్మ వాకిటి పెంటకుప్పలో పడేసింది. "నీ ధరే ఇస్తాను, పట్టవే తల్లీ!" అని రొప్పాడు.

ఈరమ్మ గుప్పెడు నూకలు చల్లి "బో బో బో" అంది. పుంజు బుద్ధిగా వచ్చి చంకెక్కింది.

"ఇదిగోండి దొరా. కానీ ఇంకో రూక వేయండి. ఇందాకటికన్నా మూడు వీధులు ఎక్కువ తిరిగింది కదా!"