ఆరని పడుగు, పండని ఎరువు

మీ తాత పుట్టకముందు, ఆయన తాత కూడా పుట్టకముందు, కండెలపురం అని ఒక నేతగాళ్ల ఊరు ఉండేది. ఆ ఊళ్లో కోడి కూయకముందే మగ్గం పలికేది.

ఆ ఊళ్లో పేరమ్మ అనే ఇల్లాలు ఉండేది. మగడు చౌడప్ప మగ్గం మీద కూర్చుంటాడు. నూలు చుట్టడం, నిలువు పోగుల పడుగు సాగదీయడం, గంజి పెట్టడం పేరమ్మ పని. ఆమె చేతులు ఊరికే ఉండలేవు. కుడి చేత్తో సంగటి తింటున్నా ఎడమ చెయ్యి ఏదో ఒక దారప్పోగును మెలిపెడుతూనే ఉంటుంది.

ఒకనాడు రాజమాత కాలం చేసింది. వీధుల్లో దండోరా మోగింది.

"సంవత్సరీకం జరిగేదాకా రాజ్యంలో ఎవ్వరూ కొత్త బట్ట కట్టరాదు, కొనరాదు, అమ్మరాదహో!"

కొత్త బట్ట కట్టేవాడు లేనప్పుడు నేసేవాడికి పనేముంది? మగ్గాలు ఆగిపోయాయి. కండెలపురం వీధి మొట్టమొదటిసారి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం పేరమ్మకు తేలు కుట్టినట్టుండేది. గుమ్మంలోకి వచ్చేది, లోపలికి పోయేది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది.

ఇంటి మూలన జొన్నల గాదె ఉంది. పొద్దున లేస్తూనే ఆమె దాని మీద వేళ్లతో కొట్టి చూసేది. 'దబ్' అంటే అక్కడిదాకా గింజ ఉన్నట్టు. 'డంగ్' అంటే లేనట్టు. మధ్యాహ్నం మళ్లీ కొట్టేది. దీపాలవేళ మళ్లీ.

ఆ చప్పుడు వీధిలోకి వినిపించిందో ఏమో, నూలు వర్తకుడు కోనప్ప శెట్టి గొడుగు మడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమ్మా పేరమ్మా, గాదె ఏమంటోంది?"

"ఇంకా దబ్బే అంటోంది శెట్టిగారూ."

"అననీ, అననీ. డంగ్ అన్ననాడు కబురు పెట్టు. నీ గాదె నింపి పోతాను. ఆడని మగ్గం నాకిచ్చెయ్యి. మూల పడి చెదలు పట్టేదాన్ని నేను భద్రంగా చూసుకుంటాను."

ఎంత దయగల మాట! కానీ శెట్టి ఆలోచన వేరు. సంవత్సరీకం కాగానే రాజ్యమంతా ఒక్కసారిగా కొత్త బట్టలకు ఎగబడుతుంది. ఆనాడు మగ్గం ఎవరి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం. ఆ సంగతి ఆకలితో ఉన్నవాళ్లకు తట్టదని శెట్టికి తెలుసు.

శెట్టి వెళ్లాక పేరమ్మ మళ్లీ గాదె దగ్గరికి పోయింది. పక్క గదిలోంచి అత్త ఈరమ్మ పిలిచింది.

"ఏమే అమ్మీ, కొడితే గింజలు పుడతాయా అందులో? చేట తీసుకునిరా ఇటు."

ఈరమ్మ చేటలో జొన్నలు పోసి మూడు కుప్పలు చేసింది.

"ఇదిగో, ఈ కుప్ప మనం తినేది. ఈ చిన్న కుప్ప ఉప్పుకూ నూనెకూ పోయేది. ఇక ఇది రోజూ కూరగాయలమ్మే ఆమె బుట్టలో పోసేది. సోలెడు జొన్నలు పోసి నాలుగు వంకాయలు తెచ్చుకుంటున్నావు. చూడు, మూడో కుప్ప మొదటి కుప్పతో పోటీ పడుతోంది."

పేరమ్మ నోరు వెళ్లబెట్టింది. రోజూ తన చేత్తోనే కొలిచింది. అయినా కుప్పగా ఎన్నడూ చూడలేదు.

"మొదటి కుప్ప తగ్గిస్తే కడుపు మాడుతుంది. రెండోది తగ్గిస్తే నాలుక మాడుతుంది. మూడోది పెరట్లోంచి తెచ్చుకుంటే ఏదీ మాడదు" అంది ఈరమ్మ.

"మన పెరట్లోనా అత్తా! ఏళ్ల తరబడి అద్దకపు నీళ్లు పారబోసిన నేల. గడ్డి కూడా మొలవదే!"

"అందుకే నేలకు ముందు తిండి పెట్టు. మూలన గుంత తవ్వు. తొక్కలు, పుచ్చాకులు, గిన్నె అడుగు కడుగు, ఇదంతా పచ్చిది ఒక వరస. ఎండుటాకు, నూలు తుక్కు, ఇదంతా ఎండుది ఒక వరస. నడుమ పిడికెడు పేడ, పైన కాస్త తడి, ఆపైన మూత. నల్లగా మారి, తొలివాన పడ్డ మన్ను వాసన వచ్చేదాకా చెయ్యి పెట్టకు. ఇంకొక మాట. ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు జొన్నలు ఆ అటక మీది కుండలో వెయ్యి. వేసి మర్చిపో."

మర్చిపోవడం ఎలాగో పేరమ్మకు తెలీదు గానీ, తవ్వడం తెలుసు. ఆ రోజే గుంత తవ్వింది, వరసలు పేర్చింది, మూత వేసింది. ఎరువు పండేదాకా ఆ బుట్టలో కూరగాయలు కొనక తప్పదనుకుంది. అంటే ఆ గుంత ఎంత త్వరగా పండితే గాదెలో అంత గింజ మిగులుతుంది.

ఆ లెక్కే ఆమెను కూర్చోనివ్వలేదు.

పొద్దున గాదెను కొట్టి చూసేది, గుంత మూత తీసి చూసేది. మధ్యాహ్నం కర్రతో కలియబెట్టి చూసేది. సాయంత్రం చేత్తో పైకి తీసి వాసన చూసేది. తొక్కలు తొక్కల్లాగే ఉన్నాయి, ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి.

ఒకనాడు ఆమె వేళ్ల సందులోంచి ఒక వానపాము తల ఎత్తింది.

"ఎవరమ్మా అది? పొద్దున పీకావు, మధ్యాహ్నం పీకావు, మళ్లీ ఇప్పుడా? నీ ఇంటి కప్పు ఇలా పూటపూటా పీకితే నువ్వు కాపురం చేస్తావా?"

"పండిందేమోనని చూశాను" అంది పేరమ్మ, సిగ్గుపడి.

"లోపల వేడి పుడితే కదా పండేది! కాస్త పుట్టేసరికి నువ్వు మూత తీస్తావు, అది గాలికి పోతుంది. నీకు తోచకపోతే నాకా శిక్ష?"

పేరమ్మ మూత వేసింది. చేతులు కట్టుకుని కూర్చుంది. కట్టుకున్న చేతులు కాసేపటికే విడివడ్డాయి. మూత తీయొద్దన్నారు సరే, ఇంకేదైనా చేయొద్దని అనలేదు కదా!

నేతింటి ఆడదానికి బలం అంటే ఒక్కటే గుర్తొస్తుంది, గంజి. గంజి పెడితే పోగు నిలుస్తుంది, పడుగు బిగుస్తుంది. అటక మీద పురుగు పట్టిన పాత గంజిపిండి ఉంది. దాన్ని బానెడు నీళ్లలో కాచి, చల్లార్చి, గుంతలో గుమ్మరించింది. నూలుకు బలమైనది ఎరువుకు కాకుండా పోతుందా?

కొద్ది రోజులు గడిచేసరికి వీధంతా ముక్కు మూసుకుంది. పక్కింటి ఓబులేసు గోడ మీదుగా తొంగి చూశాడు.

"చౌడప్పా, మీ ఇంట్లో ఏం చచ్చింది?"

"ఏమీ చావలేదన్నా. మీ మరదలు ఎరువుకు గంజి పెట్టింది."

"అట్లనా! మరి మగ్గానికి ఎప్పుడు ఎక్కిస్తుంది?"

గోడకు అటూ ఇటూ ఇద్దరూ నవ్వారు. పేరమ్మ నవ్వలేదు. గుంత అంచున వానపాము ఈడ్చుకుంటూ బయటికి పోతోంది.

"ఎక్కడికి పోతున్నావు?"

"ఊపిరాడేచోటికి. ఇల్లంతా బురద చేసి ఎక్కడికని అడుగుతావా? తడి ఎక్కువైంది తల్లీ. ఎండుది వెయ్యి. తిరగెయ్యి ఒక్కసారి. ఆపైన నీకు దండం పెడతా, దూరంగా ఉండు."

పేరమ్మ ఇంటింటికీ తిరిగి నూలు తుక్కు అడిగి తెచ్చింది. ఎండుటాకు మోసుకొచ్చింది. తిరగేసి పేర్చింది. వాసన తగ్గింది. వానపాము తిరిగొచ్చింది. ఈసారి గుంత నిజంగానే వేడెక్కింది. మూత మీద అరచెయ్యి పెడితే వెచ్చగా తగిలేది.

కానీ ఈలోగా ఎన్ని సోలలు బుట్టలోకి పోయాయో! గాదె మీద కొడితే నడుము దాకా డంగ్ అంటోంది. సగం నల్లబడిన ఎరువును చూసి పేరమ్మ ఆగలేకపోయింది. అత్త వద్దంటున్నా వినలేదు. వెచ్చగా ఉన్నదాన్ని వెచ్చగానే తట్టలకెత్తి మళ్లలో పరిచింది. అత్త దాచిన విత్తనాల్లో సగం అందులో నాటింది. బీర మొలిచింది, వంగ మొలిచింది. రెండేసి ఆకులు వేశాయి. ఆ ఆకులు పసుపు పచ్చనయ్యాయి, అంచులు మాడాయి, ఒకటొకటే వాలిపోయాయి. పండని ఎరువు వేడి వేళ్లను కాల్చేసింది.

వానపాము ఒకసారి తల ఎత్తి, మళ్లీ మన్నులోకి దూరింది. అదే పేరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు గాదెను కింద కొట్టినా డంగ్ అంది. ఆమె ఎవరితోనూ చెప్పకుండా శెట్టికి కబురు పెట్టింది.

శెట్టి బండి కట్టుకుని, గింజల మూటలతో, మనుషులతో వచ్చాడు. చౌడప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇచ్చేస్తున్నామా పేరీ?" అన్నాడు.

ఆమె మగ్గం దగ్గరికి నడిచింది.

మగ్గం మీద ఒక పడుగు ఉండిపోయింది. దండోరా పడ్డనాడు ఆగిపోయినది. మగ్గం విప్పాలంటే దాన్ని కోయాలి. పేరమ్మ కత్తి తీసుకుని ఎడమ అరచెయ్యి పడుగు మీద పెట్టింది. పోగులు బిగుతుగా, పొడిగా, వీణ తీగల్లా తగిలాయి. అన్ని నెలలైనా ఒక్క పోగు తెగలేదు.

ఆ పడుగుకు గంజి పెట్టిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆనాడు మబ్బు పట్టింది. చౌడప్ప "ఆరిందిలే, ఎక్కిద్దాం" అని ఒకటే తొందర. తానేమంది? "నీ తొందర మండ! తడి పడుగును ఎక్కిస్తే పోగుకు పోగు అంటుకుని చస్తుంది, ఒక్కటీ నిలవదు. ఆరేదాకా ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అంది. పొద్దు వాలేదాకా దాని పక్కనే కాపలా కూర్చుంది. ముట్టుకోలేదు.

ఆగడం ఈ చేతులకు తెలుసు! మగ్గం దగ్గర తెలిసినది గుంత దగ్గర మర్చిపోయాయి. పచ్చిది ఒక వరస, ఎండుది ఒక వరస. పడుగూ పేకా కాకపోతే ఏమిటది? తడి ఆరకముందే ఎక్కించింది. తెగక ఏం చేస్తుంది?

"త్వరగా కానీ అమ్మా! ఎద్దులు ఎండలో నిలబడ్డాయి" అని వాకిట్లోంచి శెట్టి అరిచాడు.

పేరమ్మ కత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"తొందర మీది శెట్టిగారూ. మగ్గం మాది. ఎద్దుల్ని నీడకు తోలుకోండి."

"గాదె డంగ్ అన్న సంగతి మర్చిపోయావా?"

"గాదె ఖాళీ అయింది. అటక మీది కుండ కాలేదు."

అత్త చెప్పినట్టు వేసిన పిడికెడు పిడికెడూ ఆ కుండను మెడదాకా నింపింది. పెద్ద సంపద కాదది. కానీ బుట్ట కొనకపోతే, జాగ్రత్తగా కాచుకుంటే, అంబలికి సరిపోతుంది. ఆ రోజు నుంచి బుట్ట ఆగింది. అంబలిలోకి గట్ల మీది గురుగాకు, చింతాకు పొడి. చౌడప్ప మొహం చిట్లించాడు గానీ గిన్నె ఖాళీ చేశాడు.

పేరమ్మ చేతులు అప్పటికీ ఊరికే ఉండలేదు. ఉండవు కూడా. అవి గుంతను వదిలి వేరే పని పట్టుకున్నాయి. ఎండు కంపతో మడికి కంచె కట్టింది. విరిగిన కర్రలు పాతి, నూలు తుక్కు పేని పందిరి అల్లింది. మాడిన మళ్లను తవ్వి గాలికి ఆరబెట్టింది. గుంతలో మిగిలినదాని మీద మూత ఉంది. దాని పక్కనుంచి ఎన్నిసార్లు నడిచిందో! ప్రతిసారీ చెయ్యి మూతదాకా పోయేది, వెనక్కి వచ్చేది.

చివరికొక ఉదయం మూత సందులోంచి వానపాము తల బయటపెట్టింది.

"ఏమ్మా, బతికే ఉన్నావా? మనుషుల అలికిడే లేదు. వచ్చి చూసుకో."

మూత తీస్తే తొక్క లేదు, ఆకు లేదు. నల్లటి పొడి మన్ను, తొలివాన వాసన. పేరమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది.

మిగిలిన సగం విత్తనాలు ఈరమ్మ బూడిద కుండలోంచి తీసి ఇచ్చింది. ముందు తోటకూర లేచింది. తర్వాత వంగ పూసింది. బీరతీగ నూలు పందిరెక్కి ఓబులేసు గోడ దాటింది. ఆయన గోడ మీదుగా మళ్లీ తొంగి చూశాడు.

"మరదలా, ఆ గంజి ఇంకా ఉందా? మా గుంతకూ పెడదామని."

ఈసారి పేరమ్మే ముందు నవ్వింది. అడిగినవాళ్లకల్లా తట్టెడు ఎరువు ఇచ్చింది. తినగా మిగిలిన కాయలు ఇస్తే జనం సోలెడు జొన్నలు పోశారు. గాదె మళ్లీ అడుగున దబ్ అంది.

సంవత్సరీకం అయింది. దండోరా మోగింది. రాజ్యమంతా కొత్త బట్టలకు ఎగబడింది. మగ్గాలు ఇచ్చేసుకున్నవాళ్లు శెట్టి కొట్టంలో, ఒకప్పటి తమ మగ్గాల మీదే కూలికి కూర్చున్నారు. వాళ్ల కూలి వాళ్ల కూడుకే చాలేది కాదు. చౌడప్ప మాత్రం తన ఇంట్లో, తన మగ్గం మీద నేశాడు.

కొట్టంలో ఎంత నేయించినా శెట్టికి చాలలేదు. మళ్లీ గొడుగు మడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా పేరమ్మా, నీ ఇంటి చీరలు కావాలి. అడిగిన గింజ ఇస్తాను. ఇవాళే ఇవ్వాలి!"

పేరమ్మ ఒళ్లో బీరకాయ ఉంది. తొక్క తీసి పక్కనున్న తట్టలో, గుంత కోసం, వేస్తోంది.

"పడుగుకు ఇప్పుడే గంజి పెట్టాను శెట్టిగారూ" అంది. "ఆరాక రండి."

చూశారా పిల్లలూ, ఖర్చు తగ్గించుకోవడం పొదుపులో సగమే. మొదలుపెట్టిన పని పండేదాకా ఆగడం మిగతా సగం.