పేరంటాలమ్మ బొమ్మా, ఎడమ బాణమూ

సూక్ష్మవరంలో అప్పడాల గవర్రాజు ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకే ఇంట్లోనూ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ, గవర్రాజు రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి అనుకునేవాడు. తమ్ముడు అబ్బులు "అవునన్నయ్యా" అనేవాడు. పొయ్యి దగ్గర్నుంచి భార్య మంగాయమ్మ "నిజమేనండి" అనేది. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? వాన వస్తోందని రేడియోలో చెబితే, రేడియో తడిసిపోతుందని దానికి గొడుగు పట్టిన ఇల్లది.

అప్పడాలు మాత్రం బ్రహ్మాండంగా ఉండేవి. ఆ పుణ్యం వాళ్ళమ్మ పేరంటాలమ్మది. ఆవిడ నేర్పింది నేర్పినట్టే చేసేవాళ్ళు, సొంత తెలివి కలిపేవాళ్ళు కాదు. ఆవిడ పోయి ఏడాదైంది. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. ఎవరు తీస్తానన్నా "పిండి ఆరిపోతుంది, తర్వాత చూద్దాంలే" అనేది. ఇప్పుడు పట్నంలో ప్యాకెట్లు అచ్చు వేయిస్తున్నారు, వాటి మీద అమ్మ బొమ్మే ఉండాలని గవర్రాజు పట్టుబట్టాడు. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా బొమ్మ అందకపోతే తన దగ్గరున్న గులాబీ పువ్వు వేసేస్తానన్నాడు ప్రెస్సాయన. అమ్మ ఉండాల్సిన చోట గులాబీ పువ్వా అని గవర్రాజుకి రెండు రోజులు అన్నం సయించలేదు.

చెల్లెలి కూతురు కుసుమ పట్నంలో బొమ్మలు వేసే ఉద్యోగం చేస్తోంది. గురువారం ట్యాబు పట్టుకుని వచ్చింది. అమ్మమ్మ ఎలా ఉండేదో చెప్పమంటే, ఎప్పుడూ అటు తిరిగి పిండి దంచుతూ ఉండేదని, కాబట్టి వీపు వేస్తే సరిపోతుందని అబ్బులు సలహా ఇచ్చాడు. కుసుమ నవ్వుకుని, తనకు గుర్తున్నంత వరకు తనే మొదలుపెట్టింది.

ముందు ఒక సున్నా చుట్టి, ఇది అమ్మమ్మ తల అంది. మా అమ్మకి కళ్ళూ ముక్కూ ఉండేవని గవర్రాజు కంగారుపడ్డాడు. వస్తాయి మావయ్యా, ఆగమంది. సున్నా కింద లేత గీతలతో మనిషిని నిలబెట్టింది, వాటి మీద గట్టి గీతలు గీసింది. ఒంటికి చామనఛాయ, చీరకి ఆకుపచ్చ, జుట్టుకి నలుపు వేసింది. ఆ తర్వాత ముఖాన ముడతలు, తలలో నెరుపు, ఆఖరున కళ్ళజోడు. అంతే, పేరంటాలమ్మ ట్యాబులోంచి సూటిగా చూసింది. మంగాయమ్మ గభాల్న లేచి కొంగు సర్దుకుంది. గవర్రాజు ఏడ్చాడు, దాచుకోలేదు.

ఇక నీడ ఒక్కటే మిగిలింది. అమ్మ బొమ్మలో తన చెయ్యి కూడా పడాలని గవర్రాజు బతిమాలాడు. మర్నాడు పొద్దున్నే కుసుమకి పట్నంలో పని పడింది. అయిదయ్యేలోపు తిరిగొచ్చి తనే పంపిస్తానంది. వెళ్తూ వెళ్తూ పెన్ను మావయ్య చేతికిచ్చింది.

"వెలుతురు ఎటునుంచి వస్తోందో చూడు మావయ్యా. దానికి అవతలి వైపున నీడ వెయ్యి. తప్పు పోతే ఈ ఎడమ బాణం నొక్కు, వెనక్కి వెళ్తుంది. కుడి బాణం నొక్కితే మళ్ళీ ముందుకొస్తుంది."

ఇంత తేలిక పనికి పట్నంలో జీతాలిస్తున్నారా అని ముగ్గురూ ఆశ్చర్యపోయారు. పచ్చి రంగు మీద నీడ వేస్తే అలుక్కుపోదూ అంది మంగాయమ్మ. అంతే, ట్యాబుని తీసుకెళ్ళి డాబా మీద అప్పడాల మధ్య ఎండబెట్టారు. రెండు వైపులా ఆరాలని మధ్యమధ్యలో తిరగేశారు. రంగు చేతికంటడం లేదని తేల్చుకున్నాక, ఎండ తూర్పు నుంచి వస్తోంది కాబట్టి అమ్మకి పడమటి వైపున నీడ వేశాడు గవర్రాజు.

గంట గడిచేసరికి సూర్యుడు జరిగాడు. ఇంకేముంది, నీడ తప్పయిపోయింది. ఇంకొకటి వేశాడు. పాతది తుడిచెయ్యమన్నాడు అబ్బులు. వేసినప్పుడు నిజమే కదా, నిజాన్ని ఎలా తుడుస్తామన్నాడు గవర్రాజు. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందికొచ్చింది, పాదాలు నల్లబడ్డాయి. ఆ తర్వాత తూర్పు వైపుకి తిరిగింది. ఒక మబ్బు అడ్డొస్తే ముఖం నిండా నీడ వేశాడు. నాలుగయ్యేసరికి పేరంటాలమ్మ బొగ్గుల బస్తాలోంచి లేచొచ్చినట్టుంది.

అప్పుడు ఎడమ బాణం గుర్తొచ్చింది. నొక్కాడు. మబ్బు నీడ పోయింది. ఇంకోసారి నొక్కాడు, సాయంత్రం నీడ పోయింది. ఆ తర్వాత మధ్యాహ్నానిది, ఆఖరికి పొద్దుటివి రెండూ. రోజంతా వెనక్కి పోయింది. గవర్రాజు తలెత్తి చూశాడు. సూర్యుడు మాత్రం పడమటే ఉన్నాడు. ఆయనకింకా కబురు అంది ఉండదన్నాడు అబ్బులు.

ఉన్నట్టుండి గవర్రాజుకి ఒక ఆలోచన తట్టింది. పొద్దుటి వరకు వెనక్కి పోగలిగితే నిన్నటికి పోలేమా? నిన్నటికి పోతే పోయినేడాదికి పోలేమా? అప్పుడు అమ్మ ఉంది కదా. మళ్ళీ నొక్కాడు. కళ్ళజోడు పోయింది. ఇంకోటి నొక్కాడు, నెరుపు పోయి జుట్టు నల్లగా నిగనిగలాడింది. ఇంకోటి నొక్కాడు, ముడతలు పోయాయి. "అత్తయ్యగారికి వయసు తగ్గుతోందండీ" అంది మంగాయమ్మ. ఇక చాలు ఆపమన్నాడు అబ్బులు. కానీ గవర్రాజు సంతోషం పట్టలేక వేలు తియ్యకుండా అలాగే అదిమి పెట్టాడు. జుట్టు రంగు, చీర రంగు, ఒంటి రంగు, గట్టి గీతలు, లేత గీతలు, ఆఖరికి సున్నా కూడా పోయి ట్యాబు తెల్లగా మిగిలింది.

అబ్బులు ట్యాబుని తిరగేసి వెనకవైపు కూడా వెతికాడు.

"ఎక్కువ వెనక్కొచ్చేశాం" అన్నాడు గవర్రాజు. "అమ్మ ఇంకా పుట్టలేదు."

"అమ్మే పుట్టకపోతే మనమెక్కడున్నాం అన్నయ్యా?" అన్నాడు అబ్బులు.

ఇంతలో ఫోను మోగింది. ప్రెస్సాయన. గవర్రాజు గారున్నారా అని అడిగాడు.

"లేరండి. ఇంకా పుట్టలేదు."

"మరి మీరెవరండీ?"

"మేమూ దాని గురించే ఆలోచిస్తున్నామండి" అని పెట్టేశాడు గవర్రాజు.

కుడి బాణం నొక్కెయ్యబోయాడు అబ్బులు. గవర్రాజు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అలా నొక్కుకుంటూ పోతే అమ్మ మళ్ళీ పోతుందిరా. ఇంకోసారి చూడలేను" అన్నాడు. అబ్బులు కళ్ళు తుడుచుకున్నాడు. ముగ్గురూ బాగా ఆలోచించి, ఒక్కసారంటే ఒక్కసారే నొక్కి చెయ్యి తీసెయ్యాలని నిర్ణయించుకున్నారు.

నొక్కారు. తెల్లటి దాని మీద గుండ్రంగా ఒక చిన్న సున్నా వచ్చింది.

అయిదింటికి పది నిమిషాలుందనగా కుసుమ బస్సు దిగి పరుగెత్తుకుంటూ ఇంట్లోకొచ్చింది. వసారాలో పేరంటాలమ్మ పాత నేతచీరతో ఉయ్యాల కట్టి ఉంది. ఉయ్యాలలో ట్యాబు ఉంది. మంగాయమ్మ చిన్న గిన్నెలో పాలు గోరువెచ్చగా చేసి తెస్తోంది. అబ్బులు ఈగలు తోలుతున్నాడు. గవర్రాజు ఉయ్యాల ఊపుతూ మేనకోడల్ని చూసి, నోటి మీద వేలేసుకున్నాడు.

"చప్పుడు చెయ్యకే అమ్మడూ. మీ అమ్మమ్మ ఇప్పుడే నిద్రపోయింది."