ఇంకో చుట్టు

చూడామణమ్మకి రాజుగారి మేనల్లుడి పేరు గుర్తురాలేదు.

కథ మంచి పట్టులో ఉంది. మేనల్లుడు కోటగోడ సగం ఎక్కాడు, తాడు తెగబోతోంది, కింద కందకంలో మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. షెడ్డులో పిల్లలంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "అప్పుడు..." అంది చూడామణమ్మ. "అప్పుడూ..." అని మళ్ళీ అంది. ముందు పేరు పోయింది. పేరు వెనకే తాడు పోయింది, మొసళ్ళు పోయాయి, కథంతా పోయింది.

"మామ్మ మర్చిపోయిందిరోయ్!" అని ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకేముంది, షెడ్డంతా నవ్వే.

వెనక బల్ల మీద మనవరాలికి జడ అల్లుతున్న పైలట్ బాబు తలెత్తి చూశాడు. కథ మాత్రం అందించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆయన ఇంటికి బయల్దేరింది, ఇక కథలు చెప్పనని చెప్పేయడానికి.

పైలట్ బాబు అసలు పేరుతో సాలూరులో ఎవరికీ పని పడలేదు. ఉద్యోగమంతా విమానాలు నడిపి, రిటైరయ్యాక భార్య హైమావతి పుట్టిన ఊరని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. లారీల ఊళ్ళో విమానం మనిషి! మొదట్లో జనం ఆయన్ని చూడ్డానికి వచ్చేవారు. పోనుపోను ఆయనే జనం ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టాడు. పెళ్ళిలో వడ్డనకి, ఆసుపత్రిలో తోడు పడుకోవడానికి, వీధి కుళాయి దగ్గర తగువు తీర్చడానికి. మూతపడ్డ లారీ షెడ్డు ఒకటి అడిగి పుచ్చుకుని, కడిగించి, అందులో పుస్తకాలు పెట్టించాడు.

ఆ పుస్తకాలన్నీ చదివేసిన మనిషి ఊరు మొత్తానికి చూడామణమ్మ ఒక్కతే. బడి మొహం చూడలేదు. పచారీ పొట్లాల కాగితాల మీద అక్షరాలు తనంతట తానే కూడబలుక్కుంది.

"ఇంత చదివారు, ఇదంతా ఏం చేస్తారప్పా?" అని అడిగాడాయన ఒకరోజు.

"ఏం చేస్తాను బాబూ, దాచుకుంటాను."

"ఎక్కడ?"

ఆ ఆదివారమే ఆయన పిల్లల ముందు కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. అప్పటినుంచి, వయసులో తనకంటే చిన్నవాడై, అప్పా అని అక్క వరసతో పిలుస్తున్నా, ఆవిడ ఆయన్ని గురువుగారనే పిలిచింది. ఆయన ఎంత వద్దన్నా మానలేదు.

ఇప్పుడు ఆ గురువుగారి గేటు ముందే నిలబడింది.

"ఇంక నా వల్ల కాదు గురువుగారూ."

"ఏమైందప్పా?"

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు పేర్లు పోయాయి. ఆఖరికి నన్నే చూసి, ఎవరమ్మా నువ్వు, మంచినీళ్ళు కావాలా అని అడిగింది. నలుగురి ముందూ కూర్చుని నేనలా అయిపోలేను. ఇంట్లోనే ఓ మూల పడి ఉంటాను."

ఇంతలో లోపల్నించి హైమావతి కేకేసింది. "ఏమండీ, కొత్తిమీర లేదు!"

"తెస్తున్నా," అని ఆయన స్కూటరు బయటికి తీశాడు. "ఎక్కండప్పా. బజారుకెళ్ళొద్దాం."

"నేనా? స్కూటరా?"

పుట్టి బుద్ధెరిగాక స్కూటరెక్కలేదు చూడామణమ్మ. ఎక్కింది. వెనకున్న స్టెప్నీ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. బండి కదిలేసరికి కొంగు జెండాలా లేచింది. అమ్మో, ఎంత గాలి! కొత్తిమీర కొన్నారు, వెనక్కి తిరిగారు.

ఆ ఇంటి ముందు కాలువ, కాలువ మీద ఒక సన్నటి రాతిపలక. రోజూ పైలట్ బాబు స్కూటరు ఆ పలక మీంచి గేటులోకి గీత గీసినట్టు వెళ్ళిపోయేది. ఎదురుగా టీకొట్టు పైడిరాజు ఆ ముచ్చట చూడ్డానికే గిన్నె కడగడం ఆపేవాడు.

ఆ రోజు స్కూటరు పలక దాకా వచ్చింది. దాటి వెళ్ళిపోయింది.

"గురువుగారూ! ఇల్లు వెళ్ళిపోయింది!"

"చక్రం తిన్నగా రాలేదప్పా. తిన్నగా రానప్పుడు బలవంతంగా దింపకూడదు. విమానమైనా అంతే. మళ్ళీ పైకి లేపి, ఇంకో చుట్టు తిరిగి రావాలి."

వీధి చుట్టూ తిరిగొచ్చారు. మళ్ళీ తప్పింది.

"ఏటి పైలట్ బాబూ!" పైడిరాజు గొంతు వీధి చివరి దాకా వినబడింది. "ఇమానాలు దింపినోరు, ఇస్కూటరు దింపనేకపోతన్నారేటి!"

టీ తాగుతున్న లారీ డ్రైవర్లు గొల్లుమన్నారు. పైలట్ బాబు దండ వేయించుకున్న మనిషిలా వాళ్ళకి చెయ్యూపాడు. హైమావతి గరిటె పట్టుకునే గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఎడం పక్కకండీ! ఎడం పక్కకి! ఇవాళ మీకేమొచ్చింది!"

మూడో చుట్టుకి చూడామణమ్మకి నవ్వాగలేదు. భయమేసిన చోటే నవ్వొచ్చింది, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వులోనే చక్రం పలక మీదికి మెత్తగా ఎక్కింది.

దిగాక కొంగు సర్దుకుంటూ అంది, "వీధంతా నవ్విందండీ."

"నవ్వింది. మనం ఇంటికొచ్చాం."

"ఎన్ని చుట్లయినా తిరగొచ్చా?"

"పెట్రోలున్నంతవరకూ," అని ఆయన కొత్తిమీర కట్ట పుచ్చుకుని లోపలికెళ్ళిపోయాడు.

పైడిరాజు ఈ మాట విన్నాడు. ఇంక చెప్పాలా, మధ్యాహ్నానికల్లా ఊరంతా విన్నది.

పై ఆదివారం చూడామణమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. మేనల్లుడి పేరు అప్పటికీ రాలేదు. "పేరు దారిలో ఉంది, వాడు మటుకు గోడెక్కుతూనే ఉన్నాడు," అని కథ అందుకుంది.

ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం పైలట్ బాబు వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగేసరికి ఊరి వాళ్ళు షెడ్డుకి ఆయన పేరు పెట్టారు. పైలట్ బాబు అని కాదు, అమ్మానాన్నా పెట్టిన అసలు పేరు. గోడకి పలక బిగించి తెర వేశారు. తాడు లాగాల్సింది చూడామణమ్మ.

"చదివి కాదు హైమావతమ్మా," అంది ఆవిడ ముందురోజే. "ఆయన పేరు నా నోటితో చెప్పి, అప్పుడు లాగుతాను."

షెడ్డు కిటకిటలాడింది. చూడామణమ్మ తాడు పట్టుకుని నిలబడి మాట్లాడుతుంటే మాటలు పొంగుకొచ్చాయి. "మా గురువుగారు ఆకాశంలో ఎంతెత్తుకి వెళ్ళారో నాకు తెలీదు. పైడిరాజు కూతురి పెళ్ళిలో చెమటలు కక్కుతూ బూందీ దూసిన సంగతి తెలుసు. హైమావతమ్మ కాలు విరిగిన ఏడాది ఈయన వండిన పప్పు మాడని రోజు లేదు, అయినా వండని రోజూ లేదు! మనవరాళ్ళకి జడలు, పక్కింటికి పురుటి మందులు, అన్నీ ఆ స్కూటరు మీదే. అటువంటి మనిషి పేరు..."

పేరు లేదు.

తాడు చేతిలో ఉంది. తెర వెనక పేరు ఉంది. ఎవరో మెల్లిగా అన్నారు, "లాగీ మామ్మా, లాగి చదివీ." ముందు వరసలోంచి ఇంకెవరో పేరు అందించబోయారు. హైమావతి చటుక్కున చెయ్యెత్తింది.

"చెప్పకండి. ఆవిణ్ణి దింపుకోనివ్వండి."

ఒక మూల నవ్వు మొదలైంది. చూడామణమ్మ చెవిన పడింది. మా అమ్మ, అనుకుంది. మంచినీళ్ళు, అనుకుంది.

అప్పుడు తాడు వదిలేసింది. వేదిక దిగి, కొంగు నడుముకి దోపి, గోడవారగా నడవడం మొదలుపెట్టింది.

జనానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. పైడిరాజు లేచి బల్లెక్కాడు.

"సూడామణప్పా! పెట్రోలున్నదా?"

"ఉందిరా!"

పిల్లలు ఒక్క ఉదుటున లేచారు. చేతులు రెక్కల్లా చాపి, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ ఆవిడ వెనక పడ్డారు. ఒక చుట్టు అయింది. వేదిక దాకా వచ్చింది, తల అడ్డంగా ఊపి దాటిపోయింది. షెడ్డంతా ఈలలు. డ్రైవర్లు కుర్చీలు జరిపి దారిచ్చారు. రెండో చుట్టులోనూ రాలేదు. ఆయాసం వచ్చింది, దాంతోపాటు నవ్వూ వచ్చింది.

మూడోసారి మలుపు తిరుగుతుంటే, వేదిక పక్క నిలబడ్డ హైమావతి కళ్ళ నీళ్ళతో కేకేసింది.

"ఎడం పక్కకప్పా! ఎడం పక్కకి!"

చూడామణమ్మ ఎడం పక్కకి జరిగింది. మెట్టెక్కింది. తాడు చేతికందింది.

"లోకనాథం," అంది. ఆ తరవాతే తెర లాగింది.