రాఘవమ్మ గారి జాడీ

మా గురువుగారు పానకాలయ్య గారిని ప్రశ్న అడగడమంటే పని కోరి తెచ్చుకోవడమే. "దేవుడెక్కడున్నాడండీ?" అని ఒకాయన అడిగితే, "ముందు ఆ బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టండి, తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన మధ్యాహ్నం దాకా రాళ్ళేరి, ప్రశ్న మరిచిపోయి, కడుపునిండా భోంచేసి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ప్రశ్న కోసం కాదు, బియ్యం ఏరడానికే వచ్చాడు.

మంగళగిరిలో మా పిడికెడు సంఘం పెట్టింది గురువుగారే. సంఘంలో చేరిన ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. మావాళ్ళు వారానికోసారి వెళ్ళి ఆ డబ్బాలు గుమ్మరించుకొస్తారు. ఆ బియ్యం వండి, ఒంట్లో ఓపిక లేనివాళ్ళకి, నా అన్నవాళ్ళు లేనివాళ్ళకి రోజూ మధ్యాహ్నం క్యారేజీలు పంపుతాం. వంటింట్లో గరిటె నాది. నా పేరు సుభద్ర. నా నోటికి జడిసి పొయ్యి కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని మండుతుందని మావాళ్ళ ఎగతాళి. అననీండి, నాకేం?

ఆ రోజుల్లోనే చక్రధర్ అనే ఆయన గురువుగారి దగ్గర శిష్యుడిగా చేరాడు. బంగారం లాంటి మనిషి. ఉన్నదల్లా ఒకటే తెగులు, మంచి చెయ్యాలనే తొందర. ఎవరైనా మెట్టెక్కుతుంటే వాళ్ళు అడక్కముందే చెయ్యి పట్టేసుకుంటాడు. ఓసారి నిక్షేపంగా నడుస్తున్న మా ఆడపడుచుని రోడ్డు దాటించి వచ్చాడు. పాపం, ఆవిడ వెళ్ళాల్సింది ఇవతలి వైపుకే.

ఒక గురువారం అతను నిండు క్యారేజీ తెచ్చి వంటింటి అరుగు మీద ధబ్బున పెట్టాడు. ముఖం కందిపోయి ఉంది.

"గురువుగారూ! పెడుతుంటే వద్దనేవాళ్ళని ఏం చెయ్యాలండీ?"

గురువుగారు అంతకుముందు రోజే జ్వరం నుంచి లేచారు. దుప్పటి కప్పుకుని, ఓ మూల కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నారు. "ఎవరు వద్దన్నారు?" అన్నారు.

"మగ్గాల వీధిలో వీరరాఘవమ్మ గారండీ. సోమవారం నుంచి క్యారేజీ ముట్టుకోవడం లేదు. ఆకలి లేదంటుంది. మంచం దిగడం లేదు. డాక్టర్ని తీసుకెళ్ళి చూపించాను. జబ్బేమీ లేదు, తిండి లేక నీరసం, ఈ వయసులో ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే తన చేతుల్లో లేదన్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను. గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఏంటండీ ఈ పంతం? ఆవిడకి నేనేం తక్కువ చేశాను?"

"ఏం చేశావు?" అన్నారు గురువుగారు.

"ఒక్కటి కాదండీ! అన్నం మెత్తగా వండించాను. కొత్త దుప్పటి ఇచ్చాను. ఆవిడ రోజూ కడిగిన క్యారేజీలో ఏదో ఒకటి పెట్టి పంపేది. బెల్లం ముక్కో, రెండు కరివేపాకు రెబ్బలో. ఆవిడకే గతి లేదు, ఆవిడ దగ్గర మనం పుచ్చుకోవడమేంటని ఆదివారం నాడు ఆ బెల్లం ముక్క తీసి గడపలోనే పెట్టేసి, ఇక మీద ఏమీ పెట్టొద్దమ్మా, క్యారేజీ ఖాళీగా ఇస్తే చాలని మరీ మరీ చెప్పి వచ్చాను."

గురువుగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తరవాత దాన్ని బుట్టలో పడేసి, దుప్పటి బిగించి లేచారు.

"పద. క్యారేజీ తీసుకో."

ఎండలో, ఆ ఒంటితో! వద్దంటే వినే మనిషా? సాంబారు అలాగే వదిలేసి నేనూ వెంటపడ్డాను. మాడితే మాడనీ, రాఘవమ్మ గారి కంటే ఎక్కువా? ఆయన నడక చూస్తే జ్వరం మాకు వచ్చిందా ఆయనకి వచ్చిందా అన్నట్టుంది.

రాఘవమ్మ గారి ఇల్లు ఒకటే గది. సగం గదిని మగ్గం ఆక్రమించింది. భర్త పోయాక దాని మీద పోగు పడలేదు. నులక మంచం మీద ఆవిడ ముడుచుకుని పడుకుని ఉంది. పెదాలు ఎండి తెల్లబడ్డాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మంలో గుమిగూడి, మమ్మల్ని చూసి తప్పుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను.

గురువుగారు తినమని ఒక్క మాట అనలేదు. గోడకి చేరగిలబడి కింద కూర్చుని, తాపీగా ఇలా అన్నారు.

"రాఘవమ్మ గారూ, జ్వరం పడి లేచానండీ. నోరు చప్పగా చచ్చింది. ఏది తిన్నా గడ్డి తిన్నట్టుంది. మీ ఇంట్లో పాత చింతకాయ పచ్చడి ఉంటుందా?"

చక్రధర్ నా చెవి కొరికాడు. "అక్కా, ఇదేంటి? ఆవిడ ప్రాణాల మీదికి వస్తే ఈయన పచ్చడి అడుగుతారేంటి!"

నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్ళు మండింది. గురువుగారు కాబట్టి ఊరుకున్నాను గానీ, ఇంకొకరైతే నాలుగు దులిపేదాన్ని.

కాసేపటికి నులక మంచం కిర్రుమంది. ఆవిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"ఎప్పుడు తగ్గింది జ్వరం?"

"నిన్ననే."

"నిన్న తగ్గితే ఇవాళ ఎండన పడి వస్తారా? ఆ సుభద్రకి బుద్ధి లేదూ, రానివ్వడానికి!"

నన్ను తిట్టింది! ఆ తిట్టు చెవిన పడేసరికి నా ప్రాణం లేచొచ్చింది. తిట్టే ఓపిక ఉందంటే మనిషి ఇంకా మన మధ్యే ఉన్నట్టు. ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేవబోయింది. చక్రధర్ ఒక్క గెంతు గెంతాడు. "మీరు లేవకండి మామ్మగారూ! జాడీ ఎక్కడుందో చెప్పండి, నేను తెస్తాను!"

గురువుగారు అతని చొక్కా అంచు పట్టుకుని కింద కూలేశారు. వదల్లేదు.

ఆవిడ లేచింది. ఊగింది. గుమ్మంలో ఎవరో "అయ్యో" అన్నారు. మగ్గం గుంజ పట్టుకుంది, తరవాత గోడ పట్టుకుంది, అడుగులో అడుగేసుకుంటూ మూలకి చేరింది. ఆ నాలుగడుగులూ మేమెవ్వరం ఊపిరి పీల్చలేదు. పడిపోతే ఏమిటి గతి? పడలేదు! కూర్చుని, చెయ్యి కొంగుతో తడి లేకుండా తుడుచుకుని, జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పింది.

"అయ్యో, ఎండుమిరపకాయా ఇంగువా లేకుండా ఒట్టి తొక్కు ఎలా పెడతాను? సుభద్రా, చూస్తూ నుంచుంటావేం? పొయ్యి వెలిగించు. రోలు కడుగు. ఉప్పు జోలికి మాత్రం పోకు, అది నేను చూసుకుంటాను."

ముప్ఫై మందికి వండే నాకు ఉప్పు వెయ్యడం రాదట! ఇంకెవరైనా అంటే ఊరుకుంటానా? ఆ పూట మాత్రం నోరు మూసుకుని, నవ్వుకుంటూ నూరాను. పోపు వేసేసరికి ఇంగువ వాసన వీధి దాకా పోయింది. గుమ్మంలో జనం రెట్టింపయ్యారు.

గురువుగారు క్యారేజీ విప్పించారు. "నాకో దురలవాటు ఉందండీ. పక్కన ఇంకొకరు తినకపోతే నాకు ముద్ద దిగదు. మీరూ కంచం పెట్టుకోవాలి."

ఆవిడ క్యారేజీ వంక చూసింది. ముఖం మళ్ళీ ముడుచుకుంది. "అది నాకు వద్దని చెప్పానుగా."

"అన్నం మాది. పచ్చడి మీది. ఏ ఒక్కటీ ఒట్టిది తినలేం కదా?"

ఆవిడ ఆలోచించింది. తరవాత గూట్లోంచి కంచం తీసింది. అన్నంలో పచ్చడి కలిపి, ముందు గురువుగారు నోట్లో పెట్టుకునేదాకా ఆగి, ఎలా ఉందో ఆయన ముఖం చూసి, అప్పుడు తన ముద్ద ఎత్తింది.

"తింటోందే!" అని గుమ్మంలోంచి ఒకావిడ కేక పెట్టింది. "తింటోంది, తింటోంది!" అని వీధంతా పాకింది. నేను ఏడ్చేశాను. సిగ్గేముంది, భోరున ఏడ్చాను.

తిన్నాక ఆవిడ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా క్యారేజీ తనే కడిగింది. చిన్న గిన్నెలో పచ్చడి పెట్టి, మూత బిగించి, గుమ్మం దాకా వచ్చింది. చక్రధర్ ముందు ఆగిపోయింది.

"ఈ అబ్బాయి పుచ్చుకోడులే" అని గురువుగారితో అని, అతని వైపు తిరిగింది. "ఈ ఇంటికి కాపరానికి వచ్చినప్పటి నుంచి ఎవరి గిన్నే ఇక్కణ్ణుంచి ఖాళీగా పోలేదు నాయనా. ఏమీ లేనినాడు చిటికెడు పంచదారైనా వేసి పంపాను. ఖాళీ గిన్నె పంపమంటే నా చేత కాదు. అందుకే అసలు గిన్నే వద్దన్నాను."

చక్రధర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గురువుగారి వైపు చూశాడు. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నారు. అతను రెండు చేతులూ చాచాడు. ఆవిడ ఒక్క క్షణం అతన్ని తేరిపార చూసి, క్యారేజీ ఆ చేతుల్లో పెట్టింది.

ఇప్పుడు మా వంటింట్లో సాయంత్రం క్యారేజీలు తిరిగొచ్చే వేళ చూడాలి, పెళ్ళివారిల్లే! మూతలు తీస్తుంటే ఒకదాంట్లో తోటకూర, ఒకదాంట్లో నిమ్మకాయ, ఒకదాంట్లో ఏకంగా నా జడకని మూర మల్లెపూలు. ఎవరింటి నుంచి ఏం వచ్చిందో చూడాలని పని లేనివాళ్ళు కూడా చేరతారు. అదంతా తరవాతి సంగతి. ఆ గురువారం మాత్రం, మాడిన సాంబారు పక్కన పెట్టి, అందరం ఆ పచ్చడితోనే అన్నం తిన్నాం.

తిని చెయ్యి కడుక్కుని చక్రధర్ గురువుగారి ముందు కూర్చున్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి. "నా ప్రశ్నకి జవాబు దొరికిందండీ! సేవ అంటే అసలు..." అని అందుకున్నాడు.

గురువుగారు మళ్ళీ చిక్కుళ్ళ బుట్ట ముందుకి లాక్కుని అడ్డం వచ్చారు.

"పచ్చడి ఎలా ఉంది?"

"అమృతంలా ఉందండీ!"

"నాతో చెబుతావేమయ్యా? అక్కడ ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది."